ఆ 180 కిలోలు ఎక్కడ పోయాయి?

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి సంగతి క్లుప్తంగా చెప్తాను.

ఆమెకు 31 ఏళ్లు, ఎంసీఏ చదివారు. ఫ్యాక్టరీలో కంప్యూటర్‌తో ముడిపడిన ఏ పనైనా ఆమే చూసుకోవాలి. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా ఆమే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మొరాయించినా ఆమే. ఆ డేటాబేస్‌లో 340 టేబుళ్లు, అంటే లెక్కల పట్టికలు. టోకెన్లు, వేబ్రిడ్జి తూకాలు, ర్యాంపుల (కాయ కొనే చోట్ల) దగ్గర కొనుగోళ్లు, ల్యాబ్‌వాళ్ల బ్రిక్స్ (తీపి కొలత) రీడింగులు, డ్రమ్ముల స్టాకు, రైతుల బ్యాంకు ఖాతాలు, జీతాలు, అన్నీ అందులోనే. వాడేవాళ్లు 46 మంది. ఏడేళ్ల కింద ఆమె చేరినప్పుడు పదిమందే ఉండేవారు. ఎవరు ఏ టేబుల్ అడిగితే వాళ్లకు ఆ టేబుల్ మీద పర్మిషన్ ఇస్తూ వచ్చారు. ఇప్పుడు ఎవరికి ఏముందో ఆమెకే తెలియదు.

ఏటా తోతాపురి సీజన్ మొదలయ్యేసరికి కొత్త టేబుళ్లు వస్తాయి. వాటితోపాటు "పర్మిషన్ డినైడ్ అంటా ఉంది మేడమ్" అని రాత్రి పదకొండింటికి ఫోన్లూ వస్తాయి. రెండేళ్ల కింద, పిల్లాడికి ఒళ్లు కాలిపోతున్న ఒక రాత్రి, వేబ్రిడ్జి నుంచి ఏడుసార్లు ఫోన్ వచ్చింది. విసిగిపోయి "ఆఫీస్" అని ఒక లాగిన్ పెట్టి, అన్ని టేబుళ్ల మీదా అన్ని హక్కులూ ఇచ్చేశారు. ఆ పాస్‌వర్డ్ ఇవాళ వేబ్రిడ్జి గదిలో మానిటర్ అంచుకు అంటించిన తెల్ల స్టిక్కర్ మీద ఉంది. 46 మందిలో సగం మంది సొంత లాగిన్ మరిచిపోయి దాంతోనే పనిచేస్తున్నారు.

ఈ నెల మొదటి వారంలో ఒక రైతు తూకం స్లిప్పు పట్టుకొని వచ్చాడు. స్లిప్పులో నికర బరువు 3,530 కిలోలు. డబ్బు పడింది 3,350 కిలోలకు. డేటాబేస్‌లోనూ 3,350 అనే ఉంది. ఓనరు ఆమెను పిలిచి, "తాళాలు నీ దగ్గరే కదమ్మా ఉండేది, ఎవరు మార్చినారో చెప్పు" అన్నారు. "ఆఫీస్" లాగిన్ సంగతి ఆయనకు తెలియదు, ఈమె చెప్పలేదు. ఇదే సమయంలో ఓనరు బావమరిది, "నేనూ పార్ట్‌నర్‌నే, నాకు మొత్తం తెరిచి పెట్టు" అని రోజూ అడుగుతున్నారు. ఆమె ప్రశ్నలు మూడు. ఒక ఆదివారం కూర్చుని అందరి పర్మిషన్లూ ఒకేసారి పీకేసి మళ్లీ మొదలుపెట్టనా? బావమరిదిగారికి ఏం చెప్పను? ఇవేవీ కాదని ఉద్యోగమే మానేయనా?

అమ్మా, ముందు ఆ రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూడండి. 3,530. 3,350. నడిమి అయిదు, మూడు తారుమారయ్యాయి, అంతే. కిలో ఎనిమిది రూపాయల లెక్కన తేడా 1,440 రూపాయలు. 340 టేబుళ్లూ బార్లా తెరిచి ఉన్న చోట దొంగతనం చేయదలుచుకున్నవాడు ఒక రైతు లోడులో 180 కిలోలు కొట్టేసి ఊరుకోడు. స్లిప్పు చూసుకుంటూ ఎవరో ఆ అంకె మళ్లీ టైపు చేశారని నా అనుమానం. తరుగు సరిచేయడానికి రికార్డు తెరిచి, పక్క గడిలో వేలు పడి, చెరిగిన అంకెను తిరిగి కొట్టి ఉండొచ్చు. ఇది నా అనుమానం మాత్రమే, రుజువు కాదు. రుజువు దొరకని పరిస్థితిని మీరే తెచ్చిపెట్టుకున్నారు. మీరు పడుకోలేకపోతున్నది కూడా అందుకే అనుకుంటాను.

ఎవరు మార్చారో ఇప్పుడు తెలుస్తుందా? ఇన్‌స్టాల్ చేసి అలాగే వదిలేసిన పోస్ట్‌గ్రెస్ ఎవరు ఏ గడి మార్చారో రాసిపెట్టదు. మీ లాగ్ సెట్టింగులు ఎప్పుడైనా మార్చి ఉంటే, ఏ కంప్యూటర్ నుంచి మార్పు వచ్చిందో ఐపీ అడ్రస్ దొరకవచ్చు. లేదంటే ఇంకో దారి ఉంది. రోజూ రాత్రి బ్యాకప్ తీస్తానని రాశారు. ఆ వారం బ్యాకప్పులను వేరే కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా తెరిచి ఆ ఒక్క వరుసా చూడండి. మంగళవారం రాత్రి 3,530 ఉండి బుధవారం రాత్రికి 3,350 అయితే, పని జరిగిన రోజు తెలిసినట్టే. కానీ రోజు దొరికిందని మనిషి దొరికినట్టు కాదు. ఆ రోజు షిఫ్టులో ఉన్న కుర్రాడి పేరు ఓనరు చెవిన వేయకండి. స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్ టీ ఇవ్వడానికి వచ్చిన వాడికీ కనిపిస్తుంది.

రాత్రి ఫోన్ల సంగతి ఇప్పుడు చూద్దాం. అసలు చిక్కుముడి అక్కడే ఉంది. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "స్కీమాలో అన్ని టేబుళ్లకూ ఒకేసారి గ్రాంట్ ఇచ్చాను సార్, అయినా మర్నాడు పర్మిషన్ డినైడ్ వచ్చింది." (స్కీమా అంటే టేబుళ్లను కలిపి ఉంచే విభాగం, గ్రాంట్ అంటే హక్కు ఇచ్చే కమాండ్.) అది మీ తప్పు కాదు, ఆ కమాండ్ స్వభావమే అంత. "ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా" అంటే ఆ నిమిషానికి ఉన్న టేబుళ్లు మాత్రమే. రేపు పుట్టబోయేవాటికి అది వర్తించదు. వాటికోసం "ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్" అని వేరే కమాండ్ ఉంది. రెండూ 2010లో, పోస్ట్‌గ్రెస్ 9.0తో వచ్చినవే. మీరు రెండోదీ వాడారట, అయినా "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అని రాశారు. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. కొన్ని టేబుళ్లు మీరు మీ లాగిన్‌తో సృష్టిస్తారు, కొన్ని బెంగళూరు సాఫ్ట్‌వేర్ అబ్బాయి తన లాగిన్‌తో సృష్టిస్తాడు. ఆ డిఫాల్ట్ ఏ లాగిన్ పేరు మీద పెడితే ఆ లాగిన్ సృష్టించిన టేబుళ్లకే వర్తిస్తుంది. మీది మీకు, అతనిది అతనికి. అతను పెట్టిన టేబుళ్ల దగ్గరే ప్రతిసారీ తలుపు మూసుకుపోతోంది. టేబుళ్లన్నిటికీ యజమానిగా లాగిన్ లేని ఒక రోల్ (మనిషికి కాక ఒక బాధ్యతకు పెట్టే పేరు) పెట్టండి. మీరైనా, అతనైనా ముందు ఆ రోల్‌లోకి మారి ఆ తర్వాతే టేబుల్ సృష్టించాలి. డిఫాల్ట్ హక్కులు ఆ రోల్ పేరు మీదే రాయండి. రాత్రి ఫోన్లలో సగం దీంతోనే ఆగిపోతాయి.

మిగతా సగం ఇంకో రెండు చోట్ల ఉన్నాయి. "టేబుల్ కనిపిస్తా ఉంది, కొత్త ఎంట్రీ వేస్తే ఎర్రర్" అని టోకెన్ కౌంటర్‌వాళ్లు అన్నారంటే అది సీక్వెన్స్. వరుస నంబరు ఇచ్చే ఆ చిన్న వస్తువుకు కూడా పర్మిషన్ విడిగా ఇవ్వాలి, టేబుల్‌కి ఇస్తే దానికి ఇచ్చినట్టు కాదు. ఇక టేబుల్ మీద హక్కు ఉన్నా స్కీమా మీద "యూసేజ్" అనే ప్రవేశ హక్కు లేకపోతే, గది తాళం ఇచ్చి వీధి గేటు మూసేసినట్టే.

46 మంది, 340 టేబుళ్లు. గుణిస్తే 15,640 గడులు. మీరని కాదు, ఇది ఎవరి తలలోనూ పట్టదు. పైగా 2022లో పాత జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లోకి పంచుకుపోయినప్పుడు మీవాళ్లు కొనుగోళ్ల టేబుళ్లను కూడా మూడు ముక్కలు చేశారట. జిల్లా పేరుకు ఒక కాలమ్ చేర్చితే సరిపోయేది. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మీరు ఇంతవరకూ హక్కులు మనుషులకు ఇచ్చారు. మన తిరుపతి ప్రాంతంవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు, మిరాశీ. గుడిలో ఫలానా పని ఫలానా కుటుంబానిది, తండ్రి తర్వాత కొడుకుది. రాష్ట్రంలో దాన్ని 1987 దేవాదాయ చట్టం రద్దు చేసింది. అందులో మంచిచెడ్డల జోలికి నేను పోను. కానీ మీ డేటాబేస్‌లో నడుస్తున్నది మాత్రం అచ్చం మిరాశీయే. రెండేళ్ల కింద మానేసిన ల్యాబ్ అబ్బాయికి ఇప్పటికీ జీతాల టేబుల్ కనిపిస్తోందంటే, హక్కు పనితో రాలేదు, మనిషితో వచ్చింది కాబట్టి మనిషితోనే ఉండిపోయింది. హక్కును పనికి కట్టండి. తూకం వేసేవాళ్లు, టోకెన్ ఇచ్చేవాళ్లు, కొనుగోళ్లు, ల్యాబ్, స్టోర్స్, అకౌంట్స్, జీతాలు, రిపోర్టులు చూసేవాళ్లు. మొత్తం ఎనిమిది పనులు, ఎనిమిది రోల్స్. టేబుళ్లను కూడా శాఖలవారీగా తొమ్మిది కట్టలు చేస్తే 72 గడులు. ఒక తెల్లకాగితం మీద పడుతుంది. మనిషి చేరితే రోల్‌లో వేయడం, పని మారితే రోల్ మార్చడం. టేబుళ్ల జోలికి పోవాల్సిన పని ఉండదు.

కాగితం మీద గడులు నింపేటప్పుడు వేబ్రిడ్జి టేబుల్ దగ్గర కాసేపు ఆగండి. అకౌంట్స్‌వాళ్లకు తరుగు గడి మార్చే అవసరం ఉంది, బరువు గడి మార్చే అవసరం ఏముంది? "అప్‌డేట్" హక్కును టేబుల్ మొత్తానికి కాకుండా ఒక్క కాలమ్‌కే ఇవ్వొచ్చు. అలా ఇచ్చి ఉంటే ఆ 3,530 జోలికి ఎవరి వేలూ వెళ్లేది కాదు. బరువు నిజంగా తప్పు పడితే సరిచేయడానికి ఒక్క సూపర్‌వైజర్‌కు హక్కు ఉంచండి. ఆ టేబుల్ మీద ఒక ట్రిగ్గర్ కూడా పెట్టండి. పాత అంకె, కొత్త అంకె, ఏ లాగిన్, ఎన్ని గంటలకు, ఈ నాలుగూ వేరే టేబుల్‌లో దానంతట అదే రాసుకుంటుంది. ఆ చరిత్ర టేబుల్‌ను చెరిపే హక్కు ఎవరికీ వద్దు. రోజువారీ పనికి మీరు వాడే లాగిన్‌కు కూడా వద్దు. ఏ అడ్డూ లేని సూపర్‌యూజర్ లాగిన్‌తోనే రోజంతా పనిచేస్తానని రాశారు, అది ఇవాళే మానేయండి. రేపు ఏదైనా పోతే మొదటి వేలు మీ వైపే చూపిస్తారు కదా.

ఇక మీ మొదటి ప్రశ్న. ఆదివారం అన్నీ ఒక్కసారిగా పీకేయవచ్చా? పీకేయవచ్చు. సోమవారం పొద్దున ఆరింటికి గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మీరు మరిచిపోయిన ఒక్క సీక్వెన్స్ దగ్గర టోకెన్ కౌంటర్ ఆగుతుంది, కాయ ఎండలో మాగుతుంది. అప్పుడు ఓనరు చెప్పే మొదటి మాట "ముందు ఎట్లా ఉండిందో అట్లా పెట్టు" అనే. "ఆఫీస్" లాగిన్ తిరిగొస్తుంది, ఈసారి ఆయన అనుమతితోనే. నేనూ ఒకప్పుడు ఇలాంటి ఆదివారం పని ఒకటి చేశాను, మంగళవారానికల్లా మళ్లీ అందరికీ ఒకే పాస్‌వర్డ్.

రెండో దారి నిదానం. మీ సాఫ్ట్‌వేర్ నేరుగా డేటాబేస్ లాగిన్‌నే అడుగుతుందని రాశారు కాబట్టి ఇది సాధ్యమే. పాతవి కదపకుండా కొత్త రోల్స్ పక్కనే కట్టండి. మొదట ల్యాబ్. నలుగురే ఉంటారు, ఆగినా ఎవరూ అరవరు. తర్వాత స్టోర్స్, తర్వాత అకౌంట్స్. ఎవరెవరు ఇంకా "ఆఫీస్" లాగిన్‌తో లోపలికి వస్తున్నారో రోజూ సాయంత్రం "పీజీ స్టాట్ యాక్టివిటీ"లో చూసి, వాళ్ల దగ్గరికి వెళ్లి సొంత లాగిన్ చేతికివ్వండి. వేబ్రిడ్జిని చివరికి ఉంచండి. సీజన్ ఇంకో మూడు వారాలే కదా, ట్రాక్టర్లు ఆగిన తర్వాతే ఆ స్టిక్కర్ పీకండి. దీంట్లో నష్టం కూడా చెప్పాలి. ఆ మూడు వారాలూ "ఆఫీస్" బతికే ఉంటుంది, ఇంకో అంకె తారుమారైనా మనిషి దొరకడు. అందుకే ట్రిగ్గర్ మాత్రం ఈ వారమే పెట్టేయండి. కనీసం పాత అంకె, టైము మిగులుతాయి. టేబుళ్లను వేరువేరు స్కీమాల్లోకి మార్చే పని సీజన్ అయ్యాకే, బెంగళూరు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. అతని ప్రోగ్రాముల్లో టేబుల్ పేరు ముందు స్కీమా పేరు లేకపోతే అన్నీ ఒక్కసారి విరిగిపోతాయి.

ఇంకో అడ్డదారి కూడా మీకు కనిపిస్తుంది. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి అన్ని టేబుళ్లూ చదవగలిగే రెడీమేడ్ రోల్ ఒకటి పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంది. అందరికీ అది ఇచ్చేస్తే "కనిపించలేదు" అన్న ఫోన్ రాదు. రైతుల ఖాతా నంబర్లు, తోటివాళ్ల జీతాలు మాత్రం అందరికీ కనిపిస్తాయి. బ్యాకప్ తీసే లాగిన్‌కు తప్ప ఇంకెవరికీ అది వద్దంటాను.

వెళ్లిపోయినవాళ్ల లాగిన్లు తీసేటప్పుడు జాగ్రత్త. ముందు "నోలాగిన్" చేయండి, అంటే మళ్లీ లోపలికి రాకుండా ఆపండి. అప్పటికే లోపల ఉన్న సెషన్ దాంతో ఆగదు, దాన్ని విడిగా తెంచాలి. డ్రాప్ చేయబోతే, అంటే లాగిన్‌ను పూర్తిగా తీసేయబోతే, "ఇతని పేరు మీద వస్తువులు ఉన్నాయి" అని పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అప్పుడు "రీఅసైన్ ఓన్డ్"తో వాటిని యజమాని రోల్‌కి మార్చి, ఆ తర్వాతే "డ్రాప్ ఓన్డ్" కొట్టండి. ఈ వరుస తప్పితే ఆ అబ్బాయి పేరు మీద ఉన్న టేబుళ్లు డేటాతో సహా పోతాయి. ఇంకో మాట. పోస్ట్‌గ్రెస్‌లో "ఇతనికి ఇవ్వకు" అని చెప్పే మార్గం లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌లో "డినై" ఉంటుంది, ఇక్కడ లేదు. ఒక చేత్తో రివోక్ చేసినా, అంటే హక్కు వెనక్కి తీసుకున్నా, ఇంకో రోల్ ద్వారానో, అందరికీ వర్తించే "పబ్లిక్" ద్వారానో హక్కు వస్తూనే ఉంటుంది. రివోక్ చేశాక ఆ మనిషి లాగిన్‌తో మీరే లోపలికి వెళ్లి చూస్తే తప్ప పని అయిందనుకోకండి.

బావమరిదిగారి దగ్గరికి వద్దాం. "ఇవ్వను" అంటే ఇంట్లో గొడవ ఆఫీసుకు వస్తుంది, నలిగేది మీరు. మొత్తం ఇచ్చేస్తే ఆయన ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మీ ఫ్యాక్టరీకి యజమానులు. ఈ రెండిటి మధ్యలో ఇంకోటి ఉంది. ఆయన్ని కూర్చోబెట్టి, "సార్, పొద్దున్నే లేచి మీరు ముందు ఏం చూడాలనుకుంటారు?" అని అడగండి. నేను చూసినంతలో "మొత్తం" అడిగేవాళ్లకు కావాల్సింది నాలుగైదు అంకెలే. నిన్న ఎన్ని టన్నుల కాయ దిగింది, ఏ ర్యాంపులో ఎంత ధర, ఎన్ని డ్రమ్ములు నిండాయి, రైతులకు బాకీ ఎంత. వాటికి వ్యూలు (టేబుళ్లలోంచి కావాల్సినంతే చూపించే పట్టికలు) తయారుచేసి, ఆయన సొంత పేరుతో లాగిన్ ఇచ్చి, ఆ వ్యూల మీద చదివే హక్కు మాత్రం ఇవ్వండి. వ్యూ తన యజమాని హక్కులతో నడుస్తుంది కాబట్టి అసలు టేబుళ్ల మీద ఆయనకు ఏ హక్కూ అక్కర్లేదు. అప్పటికీ "మార్చే హక్కు కూడా కావాలి" అంటే, అది మీరు తేల్చే విషయం కాదు. "ఓనరుగారు ఒక లైను మెయిల్ పెడితే ఇస్తాను సార్" అనండి. మెయిల్ వస్తే ఇవ్వండి, ట్రిగ్గర్ ఉంది కదా.

ఓనరుకు మీ "ఆఫీస్" లాగిన్ సంగతి చెప్పాలా? చెప్పకుండా నెమ్మదిగా సరిచేసేసి, "ఇక మీదట ఇట్లా జరగదు సార్" అనొచ్చు. పని నడుస్తుంది. కానీ ఆ స్టిక్కర్ గురించి ఆయనకు వేరేవాళ్లు చెప్పే రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు మీ మాటకు విలువ ఉండదు. ముందే చెప్తే ఒక పూట తిట్లు తినాలి. నేనైతే చెప్తాను, ఒక్క కాగితంతో వెళ్లి చెప్తాను. పైన ఏం జరిగిందో మూడు వాక్యాలు, కింద ఆ 72 గడులు, దాని కింద ఏ వారం ఏ శాఖ. డేటాబేస్, రోల్, స్కీమా అనే మాటలు ఆయన దగ్గర వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, డేటాకు సరైన కాపలా పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని అందులో ఉంది. అది కాగితంలో ఒక మూల రాయండి, దాంతో మాత్రం మొదలుపెట్టకండి. 250 కోట్లంటే ఆయన నవ్వుతారు. 1,440 రూపాయలంటే వింటారు, ఎందుకంటే ఆ రైతు వచ్చే సీజన్‌లో పక్క ఫ్యాక్టరీకి తోలుకుపోతే పోయేది ఎంతో ఆయనకు మీకన్నా బాగా తెలుసు.

ఉద్యోగం మానేయడం మీ ఇష్టం. పిల్లాడు, రాత్రి ఫోన్లు, ఒక్కరే అన్నీ చూసుకోవడం, ఇవి చాలు కారణాలుగా. మానేయాలనిపిస్తే తప్పు లేదు. ఈ వారం మాత్రం వద్దు. ఇప్పుడు వెళ్తే ఆ 180 కిలోలు మీ వెంట వస్తాయి. చిత్తూరులో ఫ్యాక్టరీలవాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు. స్టిక్కర్ పీకేశాక, ఆ కాగితం మీ తర్వాత వచ్చేవాళ్ల చేతిలో పెట్టగలిగే రోజున నిదానంగా ఆలోచించుకోండి. ఉండదలిస్తే, రాత్రి ఫోన్లు ఎత్తడానికి షిఫ్టులో ఇంకొకరికి నేర్పిస్తానని అదే కాగితంలో రాయండి. అడిగితేనే ఇస్తారు.

ఆ రైతుకు మిగతా 1,440 రూపాయలు ఎవరు మార్చారో తేలేదాకా ఆపొద్దని ఓనరుతో చెప్పండి. స్లిప్పు మీ ఫ్యాక్టరీదే, అందులో 3,530 అని మీ ప్రింటరే కొట్టింది. ఆయన గదిలోకి వెళ్లే ముందు ఆ స్లిప్పు జెరాక్స్ ఒకటి తీసి దగ్గర ఉంచుకోండి. తూకం స్లిప్పుల మీద అంకెలు ఎండకు తొందరగా వెలిసిపోతాయి.